పెద్దక్క గురువారాలు

పెద్దక్కతో మాట్లాడాలంటే ఆమెతో పాటు నడవాలి. కూర్చుని తీరిగ్గా మాట్లాడదామని వచ్చినవాళ్ళు వరండాలో బెంచీ మీద ఇంకా కూర్చునే ఉంటారు. ఆఫీసులోంచి వంటగదికి, వంటగదిలోంచి గేటు బయట నిలిపిన కారుకి ఆమె కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు తిరుగుతూ ఉంటుంది. ఆ నడకలోనే జీతాలు, సెలవులు, తగాదాలు, కన్నీళ్ళు అన్నీ తేలిపోవాలి. ఒక చెవి ఫోనుకి, రెండో చెవి పక్కన నడిచేవాళ్ళకి. ఇద్దరికీ సరైన జవాబే ఇస్తుంది, అదేం మాయో గాని. ఎప్పుడైనా ఒకరి జవాబు ఇంకొకరికి వెళ్ళినా, అందులోనూ ఏదో ఒక మంచి ఉండే ఉంటుందని జనం సర్దుకుపోతారు.

ఇంతగా చెవుల మీద బతికే మనిషి నడిపేది చెవులు వినపడని పిల్లల బడి. ఆ పిల్లల దగ్గర మాత్రం ఈ విద్య చెల్లదు. చేతులతో మాట్లాడే పిల్లవాడి ముందు తల పక్కకి తిప్పుకోవడం అంటే, వాడు మాట్లాడుతుండగానే మొహం మీద తలుపు వేయడం. ఫోను చూసుకుంటూ వినడం కుదరదు. నడుస్తూ వినడం కుదరదు. రెండు కళ్ళూ రెండు చేతులూ వాళ్ళకి అప్పగించి కూర్చోవాలి. అందుకని పెద్దక్క కొన్నేళ్ళుగా తరగతి గదుల వైపు వెళ్ళడం తగ్గించుకుంటూ వచ్చింది. ఎవరూ తప్పు పట్టలేదు. ఆమె బయట తిరిగితేనే కదా లోపల పిల్లలకి అన్నమూ పుస్తకాలూ వచ్చేది.

అసలు ఆ బడి పుట్టిందే ఆమె తమ్ముడి వల్ల. తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. చిన్నప్పుడు ఇంట్లో వాడితో మాట్లాడగలిగింది అక్క ఒక్కతే. ఇద్దరూ కలిసి సొంతంగా చేతి మాటలు కల్పించుకున్నారు. ఆకలికి ఒకటి, కోపానికి ఒకటి, నాన్న మూడ్ బాగాలేదు జాగ్రత్త అనడానికి ఒకటి. కన్నతల్లి కూడా "వాడికేం కావాలో అడగవే" అని అక్కనే పిలిచేది. ఏ బడీ వాణ్ణి చేర్చుకోలేదు, అక్షరాలు కూడా అక్కే నేర్పింది. అక్క పెద్దయ్యాక తనే ఒక బడి పెట్టింది. అప్పటికి వాడు పెద్దవాడైపోయాడు, వాడికి ఆ బడి అందలేదు. వాడి తర్వాత వచ్చిన వందలాది మంది పిల్లలకి అందింది.

ఆ తమ్ముడు ఇప్పుడు పేము కుర్చీలు అల్లుతాడు. చిరిగిన సీట్లు, కుంగిన వీపులు బాగుచేస్తాడు. ఊరి నడిమధ్య ఒక ఇరుకు వీధిలో దుకాణం. ఆ వీధి పొడవునా ఒకవైపు తాళాలవాళ్ళు, కళ్ళజోళ్ళవాళ్ళు, ఇంకోవైపు ఒక మూసేసిన సినిమా హాలు గోడ. జుట్టు సగం నెరిసినా అక్కడందరికీ వాడు 'కుర్చీల అబ్బాయే'. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, నాతో పోట్లాడాలంటే ఆవిడకి ముందు భాష నేర్పాలి, అంత ఓపిక నాకు లేదు అని చేతులతో చెప్పి నవ్వుతాడు.

పోయిన ఏడాది వాడు వరసగా గడపలకి తట్టుకోవడం మొదలుపెట్టాడు. పక్కనుంచి వచ్చే సైకిళ్ళు కనపడక రెండుసార్లు కింద పడ్డాడు. పెద్దక్క కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు దీపాలు వేసి, ఆర్పి, చుక్కలు చూపించి, చివరికి కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పాడు. పుట్టు చెవుడుతో పాటు వచ్చే జబ్బే ఇది, చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుంది, నడుమ ఒక గొట్టంలోంచి చూస్తున్నంత మేర మిగులుతుంది, ఆ తర్వాత అదీ పోవచ్చు. మందు లేదు. ఆయన నోటితో చెప్పి ఊరుకున్నాడు. దాన్ని తమ్ముడికి చెప్పాల్సింది పెద్దక్క చేతులు.

చెప్పింది.

"పూర్తిగానా?" అని అడిగాడు.

"పూర్తిగా కూడా కావచ్చట."

"ఎప్పుడు?"

ఆమె డాక్టరు వైపు తిరిగింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆ ఒక్కటీ తమ్ముడికి ఎవరూ చెప్పనక్కర్లేకుండా అర్థమైంది.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాక వాడు ఆమెను ఒకే ఒక్కటి కోరాడు. జీవితంలో వాడు అక్కని ఏమైనా అడగడం అరుదు, అన్నీ అడక్కుండానే ఇచ్చింది మరి.

"వారంలో ఒక్క పూట నా ఎదురుగా వచ్చి కూర్చో. చూపు ఉండగానే నిన్ను తనివితీరా చూసుకోవాలి. చూపు పోయాక చేతిలో చెయ్యి పెట్టి మాట్లాడతారట కదా, అది నువ్వూ నేనూ కలిసే నేర్చుకుందాం. మొదటి భాష మనిద్దరమే చేసుకున్నాం. ఇదీ అంతే."

"గురువారం," అంది పెద్దక్క. "ప్రతి గురువారం మధ్యాహ్నం. ఏమైనా కానీ."

ఆ మాట ఆమె ఉత్తినే అనలేదు. బడికి తిరిగి వచ్చిన వెంటనే గడియారం గారికి చెప్పింది. గడియారం గారంటే బడి మేనేజరు. పెద్దక్క రోజుని ముక్కలు కోసి ఏ ముక్క ఎవరికో పంచేది ఆయనే కాబట్టి ఆ పేరు. ఆయన గురువారాల మీద ఎర్ర సిరాతో గీత గీసి, "ఇది దాటి ఎవరినీ రానివ్వను మేడమ్" అన్నాడు. రానిచ్చాడు. ఆయన తప్పేం లేదు, గీత అవతల నిలబడ్డవాళ్ళని చెయ్యి ఊపి లోపలికి పిలిచింది ఆమే.

మొదటి గురువారం మాత్రం వెళ్ళింది. ఇద్దరూ సగం అల్లిన కుర్చీల మధ్య కింద కూర్చున్నారు. తమ్ముడు కళ్ళు మూసుకుని తన అరచేతులు ఆమె చేతుల మీద తేలిగ్గా ఆనించాడు. ఆమె 'నీళ్ళు' అంటే వాడు 'పాము' అనుకున్నాడు. ఆమె 'నీకేం రాదు' అంటే మాత్రం టక్కున పట్టుకున్నాడు. నవ్వి నవ్వి ఇద్దరికీ పొట్ట పట్టుకోవాల్సి వచ్చింది. ఫోను బ్యాగులో ఎన్నిసార్లు మోగిందో ఆమెకు తెలియదు. తిరిగి వస్తూ కారులో, తనకి ఇంత తేలిగ్గా ఊపిరి ఆడి ఎన్నాళ్ళయిందో అనుకుంది. వచ్చే గురువారం కోసం అప్పుడే ప్రాణం లాగింది.

ఆ వచ్చే గురువారమే బడి భవనం ఆసామి కబురు పంపాడు. స్థలం అమ్మేస్తున్నాడు, ఏడాది తిరిగేలోగా ఖాళీ చేయాలి.

ఇక్కడ పెద్దక్కని తిట్టుకోవాలనిపిస్తే కాస్త ఆగండి. పని లేకపోయినా పని ఉన్నట్టు తిరిగేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, ఈమె ఆ బాపతు కాదు. హాస్టల్లో పిల్లలున్నారు. వాళ్ళలో కొందరికి ఈ బడి తప్ప తమ భాష తెలిసిన గడప ఇంకోటి లేదు. కొత్త చోటు వెతకాలి, చందాలు పోగుచేయాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. సంతకం పెట్టే పెద్దమనిషి గురువారం మధ్యాహ్నం రమ్మంటే, ఆ పూట నా తమ్ముడిది అని ఏ నోటితో చెప్పాలి? ఒక వారం గంట ఆలస్యంగా వెళ్ళింది. ఒక వారం వెళ్ళి, ఫోను రాగానే లేచి వచ్చేసింది. ఆ తర్వాత వచ్చే వారం తప్పకుండా అని మెసేజ్ పెట్టడం అలవాటైంది. తమ్ముడు ప్రతిసారీ 'సరే అక్కా' అని పంపేవాడు.

ఇలా ఉండగా చందాలిచ్చే సంస్థ వాళ్ళు, సేవ చేసేవాళ్ళకి కాలం వాడుకోవడం చేతకావడం లేదని కనిపెట్టి, నేర్పడానికి ఒక మాస్టారుని పంపారు. రెండు రోజుల క్లాసు. ఆ రెండు రోజులు ఖాళీ చేసుకోవడానికి పెద్దక్క అంతకుముందు వారమంతా సరిగ్గా నిద్రపోలేదు.

మాస్టారు మంచివాడు. సన్నగా, పొడుగ్గా, తొందరనేదే తెలియనట్టు మాట్లాడతాడు. అనాథాశ్రమాలు, ఆసుపత్రులు, ఉచిత గ్రంథాలయాలు నడిపే పాతికమందిని గుండ్రంగా కూర్చోబెట్టి, తలా ఒక చీటీల కట్ట ఇచ్చాడు. చేసే పనులన్నీ ఒక్కో చీటీ మీద ఒక్కోటి రాయమన్నాడు. తర్వాత ఒక్కో చీటీ తీసి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఇవాళ చేయకపోతే ఏం మునిగిపోతుంది? ఇది మీరే చేయాలా, మీకంటే బాగా చేసేవాళ్ళున్నారా? జవాబుని బట్టి కుప్పలు.

పెద్దక్క మంచి విద్యార్థి. చిన్నప్పటి నుంచీ అంతే, పరీక్ష పెడితే చాలు, మొహం వెలిగిపోతుంది. చకచకా రాసేసింది, చకచకా కుప్పలు వేసేసింది. పక్కవాళ్ళ చీటీలు కూడా సరిచేసింది. చివరికి ఆమె చేతిలో ఒక చీటీ మిగిలింది. దాని మీద 'తమ్ముడు, గురువారం' అని ఉంది.

మాస్టారు అటుగా వచ్చి చూశాడు. "ఇంటి చీటీలు పక్కన పెట్టేయండమ్మా. ఇది పనుల లెక్కే."

"నాకు ఇల్లూ పనీ వేరు కాదు సార్. ఈ పని మొదలైందే వాడి వల్ల."

"అయినా సరే. కొన్నిటిని కుప్పల్లో వేయకపోతేనే మంచిది."

"నేర్పడానికి వచ్చి మీరే మినహాయింపులు ఇస్తే ఎలా?" అంది ఆమె. అందరూ నవ్వారు.

అందరూ చూస్తున్నారు కాబట్టి ఆమె ఆ చీటీని కూడా నిజాయితీగా అడిగింది. చేయకపోతే ఏం మునిగిపోతుంది? వాడికి చేతిలో మాట రాదు, చూపు పోయాక ఒంటరివాడైపోతాడు. అయితే పని ముఖ్యమే. నాకంటే బాగా చేసేవాళ్ళున్నారా? ఉన్నారు. బడిలో టీచరమ్మ ఉంది. చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలకి చేతిలో చెయ్యి పెట్టి చదువు చెప్పిన మనిషి. పెద్దక్క చేతి భాష పాతబడిపోయింది, ఈ కొత్త విద్య ఆమెకూ రాదు. అంధుణ్ణి నడిపించడానికి దారి తెలియని మనిషే ఎందుకు వెళ్ళాలి? లెక్క సరిగ్గా తేలింది. చీటీని 'మీకంటే బాగా చేసేవాళ్ళు' కుప్పలో వేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. మాస్టారు ఆ చీటీని ఒకసారి చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

మర్నాడు టీచరమ్మని పిలిచి చెప్పింది, నడుస్తూనే.

"వెళ్తాను పెద్దక్కా, దానికేముంది. కానీ ఆయన అడిగింది మిమ్మల్ని కదా?"

"వాడికి కావాల్సింది నేర్చుకోవడం. ఎవరి దగ్గరైతేనేం?"

"మరి మీరు? రేపు ఆయనతో మాట్లాడాలంటే మీకూ రావాలి కదా."

"నేర్చుకుంటాలే. ముందు ఈ బిల్డింగ్ గొడవ తేలనీ."

తమ్ముడికి మెసేజ్ పెట్టింది. టీచరమ్మ తనకంటే ఎంత బాగా నేర్పుతుందో రెండు పేరాలు రాసింది. 'సరే అక్కా. నువ్వు పని చూసుకో' అని వచ్చింది. హమ్మయ్య అనుకుంది. నిజానికి ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు. వాడు ఎప్పుడూ 'సరే అక్కా' దగ్గరే ఆగేవాడు. ఆ రెండో మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

గురువారాలు చక్కగా సాగాయి. టీచరమ్మ ప్రతి శుక్రవారం వచ్చి చెప్పేది. ఆయన బాగా పట్టుకుంటున్నారు. నిన్న వేళ్ళ మీద అక్షరాలు నేర్చుకున్నారు. నిన్న ఒక జోకు చెప్పారు పెద్దక్కా, నాకు నవ్వు ఆగలేదు. పెద్దక్క తల ఊపుతూ వినేది. ఏం జోకు అని అడగాలని నోటిదాకా వచ్చేది. ఈలోగా గడియారం గారు తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకునేవాడు.

కొత్త భవనం కోసం తిరుగుతున్న రోజుల్లో ఒక గురువారం మధ్యాహ్నం ఆమె కారు ఆ ఇరుకు వీధి మొదట్లో ఆగిపోయింది. ముందు ఒక లారీ అడ్డం తిరిగి ఉంది. కిటికీలోంచి దుకాణం కనపడుతోంది. గుమ్మానికి దగ్గరగా తమ్ముడూ టీచరమ్మా ఎదురెదురుగా కూర్చున్నారు. వాడి చేతులు ఆవిడ చేతుల మీద ఉన్నాయి. ఆవిడ ఏదో చెబుతోంది, వాడు తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. చిన్నప్పుడు తను నవ్విస్తే అచ్చం అలాగే నవ్వేవాడు. పెద్దక్క కిటికీ అద్దం దించింది. తనలో లేచినదానికి అసూయ అని పేరు పెట్టడానికి సిగ్గేసింది గాని అది అసూయే. దిగి వెళ్ళాలనిపించింది. దిగితే వాళ్ళ పాఠం చెడుతుంది అని తనకి తనే చెప్పుకుంది. అవతల సంతకం పెట్టే పెద్దమనిషి ఎదురుచూస్తున్నాడు. లారీ కదిలింది. ఆమె తల వెనక్కి తిప్పి, ఆ గుమ్మం కనుమరుగయ్యేదాకా చూస్తూ వెళ్ళింది.

ఆ రోజు నుంచి ఆమెకు తమ్ముడి మీద బెంగ పట్టుకుంది. ఊళ్ళోనే ఉన్న మనిషి కోసం బెంగ ఏమిటని నవ్వుకునేది. మీటింగుల్లో బల్ల కింద ఆమె చేతులు వాటంతటవే పాత చేతి మాటలు ఆడేవి. 'ఆకలి', 'కోపం', 'నాన్న మూడ్ బాగాలేదు'. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఆమెకు చేతులు లాగుతున్నాయేమో అనుకునేవాళ్ళు.

చివరికి భవనం దొరికింది. పెద్ద కిటికీలు, విశాలమైన గదులు, చేతులు బాగా కనపడేంత వెలుతురు. కాగితాలు చేతికొచ్చాయి. సంతకాలకి ఒక గురువారం ఆఖరి మీటింగు ఉండాల్సింది, అవతలి వాళ్ళు వాయిదా వేశారు. అదే పూట టీచరమ్మ వచ్చి, ఇంట్లో అత్తగారికి ఒంట్లో బాగాలేదు, ఇవాళ కుర్చీల దుకాణానికి వెళ్ళలేను అంది.

"నేను వెళ్తా," అంది పెద్దక్క. అని ఆగిపోయింది. ఆ మాట ఎన్ని నెలలుగా అనాలని చూస్తోందో అప్పుడు తెలిసింది.

గడియారం గారు ఖాళీ పూట చూసి అప్పుడే ఇద్దరిని రమ్మని చెప్పేశాడట. "వాళ్ళకి కాఫీ ఇప్పించి మాట్లాడుతూ ఉండండి. మీరు మాట్లాడితే చాలదనేవాళ్ళెవరైనా ఉంటే రేపు చూద్దాం," అని కారెక్కింది. ఆయన చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది.

దుకాణంలో తమ్ముడు గుమ్మం వైపు వీపు పెట్టి కింద కూర్చుని ఒక కుర్చీకి పేము బిగిస్తున్నాడు. కళ్ళతో చూడటం లేదు, వేళ్ళే దారి వెతుక్కుంటున్నాయి. అంత బాగా వేళ్ళతో చూడటం ఎప్పుడు వచ్చింది వీడికి అనుకుంది. బ్యాగు ఒక కుర్చీలో పడేసి, వాడి భుజం మీద చెయ్యి వేసింది. వాడు ఉలిక్కిపడలేదు. పని ఆపి, ఇటు తిరిగి, రెండు చేతులూ ముందుకు చాచాడు. తలెత్తి చూడలేదు. ఆమె ఎదురుగా కూర్చుని తన చేతులు అందించింది.

వాడి వేళ్ళు ఆమె వేళ్ళ మీద ఒకసారి తడిమాయి. ఆగాయి.

"కొత్తవారా?" అన్నాడు చేతులతో. "టీచర్ రాలేదా? ఆవిడకి కూడా తీరిక లేకుండా పోయిందా, తన బదులు మిమ్మల్ని పంపారా?"

పెద్దక్క చేతులు బిగుసుకుపోయాయి.

"కంగారుపడకండి," అన్నాడు వాడు. "నేను మొహాలు వెతకడం మానేశాను. చిన్న కన్నంలోంచి వెతికితే కళ్ళు నొప్పి. కొత్తవాళ్ళకైతే చేతులు చాలు నాకు. ఏదైనా చెప్పండి, పట్టుకుంటాను."

ఆమె ఏదో చెప్పబోయింది. వాడి చేతుల కింద ఆమె చేతులు తొందరతొందరగా కదిలి ఒకదానికొకటి అడ్డుపడ్డాయి.

"అబ్బ, మెల్లగా. మీ చేతులు పరిగెడుతున్నాయి. మా అక్కవి కూడా ఇంతే." వాడు నవ్వాడు. "మా అక్క తెలుసు కదా మీకు? మీ బడి పెద్దక్క. పిల్లలకి ఇల్లు వెతుకుతోంది పాపం, నిలబడి నీళ్ళు తాగే తీరిక లేదు. అది తేలాక వస్తుంది. అందుకే నేను పనిలో కళ్ళు వాడటం తగ్గించాను. వాడకపోతే మిగులుతుందని కాదు, డాక్టరు అలా ఏం చెప్పలేదు. ఊరికే, నా పిచ్చి. అక్క వచ్చేదాకా కాస్త చూపు ఉంటే చాలు."

పెద్దక్కకి కళ్ళు మసకబారాయి. ఏడుపు వాడికి వినపడదు, కనపడదు. చేతుల్లో మాత్రం తెలిసిపోతోంది. వాడు అడగబోతుంటే ఆమె వాడి కుడిచెయ్యి పట్టుకుని తన భుజం మీదికి తెచ్చి అక్కణ్ణుంచి కిందికి దించింది. వాళ్ళ ఇంటి చేతి మాటల్లో అక్క అంటే జడ. వీధిలో నడిచేటప్పుడు వాడు ఆమె చెయ్యి పట్టుకునేవాడు కాదు, జడ కొస పట్టుకునేవాడు.

వాడి చెయ్యి భుజం దగ్గర ఆగి, జడ కోసం వెతికి, గాలిలోకి జారిపోయింది. జుట్టు మెడ దాటడం లేదు. పొద్దున్నే దువ్వుకునే సమయం కలిసొస్తుందని ఈ ఏడాదే కత్తిరించేసింది.

"లేదు," అన్నాడు వాడు, మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "అక్కకి జడ ఉంటుంది."

ఇంత చిన్న మాట తనని ఇంత కోసేస్తుందని ఆమె అనుకోలేదు. వాడి అరచెయ్యి తెరిచి, అందులో వేలితో, బడికి వెళ్ళే పిల్లలా, ఒక్కో అక్షరం రాసింది. నేను. అక్కని. కత్తిరించుకున్నా.

వాడు ఆ అక్షరాల మీద అరచెయ్యి ముడిచాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి ఆమె మొహం పట్టుకుని, లేచి, ఆమెనీ లేపి, గుమ్మం దగ్గర వెలుతురులోకి లాక్కొచ్చాడు. తల కొంచెం కొంచెం తిప్పుతూ వెతకడం మొదలుపెట్టాడు. ఆమెకు అర్థమైంది, వాడి చూపు ఆమె మొహం మీద పావలా బిళ్ళంత మేర మాత్రమే పడుతోంది. నుదురు చూశాడు. ఒక కన్ను చూశాడు. ఆ కన్ను దగ్గర చాలాసేపు ఆగాడు. ముక్కు దగ్గరికొచ్చేసరికి కన్ను పోయింది, పెదవుల దగ్గరికొచ్చేసరికి ముక్కు పోయింది. వాడి మొహంలో విసుగు కనపడింది.

"ముక్కలు ముక్కలుగా ఉన్నావు," అన్నాడు. "మొత్తం ఒకేసారి పట్టడం లేదు."

అని ఆమె భుజాలు పట్టుకుని మెల్లగా వెనక్కి నెట్టాడు. ఒక అడుగు. చూశాడు. ఇంకా వెనక్కి అని చెయ్యి ఊపాడు. ఆమె గుమ్మం దిగింది. ఇంకా. ఎంత దూరం జరిగితే ఆ సన్నని కన్నంలో మనిషి అంత ఎక్కువగా పడుతుందని వాడికి అనుభవం మీద తెలుసు. ఆమె వీధి దాటింది. ఒక స్కూటరువాడు తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. వెనక సినిమా హాలు గోడ వీపుకి తగిలింది, ఇక వెనక్కి జరగడానికి చోటు లేదు.

అవతల గుమ్మంలో తమ్ముడు రెండు చేతులూ ఎత్తి ఆగమన్నాడు. వాడి మొహం విచ్చుకుంది.

"ఇప్పుడు మొత్తం ఉన్నావు," అన్నాడు చేతులతో, వీధి అవతల నుంచి. "ముసలిదానివైపోయావు. జుట్టు అస్సలు బాగాలేదు."

"నీ మొహం," అంది ఆమె, ఇంటి చేతి మాటల్లో, పెద్దగా, వీధంతా చూసేలా.

"ఏమీ చెప్పకు. కదలకు. చూడనీ."

దగ్గరగా ఉంటే కనపడదు, కనపడేంత దూరంలో ఉంటే అందదు. ఇన్నాళ్ళూ తను దగ్గరలోనే ఉన్నాననుకుంది పెద్దక్క. గోడకి ఆనుకుని నిలబడింది. ఏ పనీ లేకుండా, ఎవరి మాటా వినకుండా, ఎక్కడికీ నడవకుండా ఊరికే నిలబడటం ఆమెకు చేతకాదు. మొదట కాళ్ళు తొందరపెట్టాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దుకాణంలో కుర్చీ మీద బ్యాగు ఉంది, అందులో ఫోను మోగుతూ ఉండాలి. తాళాలవాళ్ళు తలలు బయటికి పెట్టి ఈ మేడమ్‌కి ఏమైందని చూశారు. చూస్తే చూశారు. వీధి అవతల వాడు గుమ్మానికి ఆనుకుని, రెప్ప వేయడానికి కూడా ఇష్టం లేనట్టు, ఆమెనే చూస్తున్నాడు. ఎన్నో నెలలుగా మిగుల్చుకున్నదంతా ఖర్చు పెడుతున్నాడు. మెల్లగా ఆమె కాళ్ళలో తొందర తగ్గింది. ఆమె కూడా వాణ్ణి చూసింది. నెరిసిన కణతలు, నాన్న లాంటి గడ్డం, తెలియకుండానే వంగిపోయిన ఒక భుజం. ఇవన్నీ ఎప్పుడు వచ్చాయో ఆమె ఎరగదు. ఈ గురువారాలన్నీ ఎక్కడికి పోయాయి అనుకుంది.

ఎండ గోడ పైకి జరిగింది. వీధిలో నీడలు కలిసిపోయాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో దీపం వెలిగింది. సాయంత్రం వెలుతురు తగ్గితే వాడికి చూపు ఆనదని డాక్టరు అప్పుడే చెప్పాడు. వాడు అటే చూస్తున్నాడు, చూపు మాత్రం కొద్దిగా పక్కకి తప్పింది. వెతుక్కున్నాడు. మళ్ళీ వెతుక్కున్నాడు. చివరికి ఒక చెయ్యి ఎత్తి, చీకటిపడుతున్న వీధిలోకి అడిగాడు.

"ఇంకా ఉన్నావా?"

ఉన్నానని ఆమె చెయ్యెత్తి చెప్పింది. వాడికి కనపడలేదు. వాడి చెయ్యి గాలిలో అలాగే తెరుచుకుని ఉంది. జవాబు ఆ చేతిలో పెట్టాల్సిందే, ఇంకో దారి లేదు. పెద్దక్క వీధి దాటడం మొదలుపెట్టింది.